నా క్లయింటు ఎందుకు మానేశాడో ఎవరిని అడగాలి?

విజయనగరం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వీధి, క్లయింట్ల వివరాలు ఏవీ బయటపెట్టొద్దన్నారు కాబట్టి కొన్ని గుర్తులు మార్చి, విషయం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆవిడకి 43 ఏళ్లు. పైడిభీమవరం వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో 14 ఏళ్లు హెచ్ఆర్‌లో పనిచేశారు. అత్తగారికి పక్షవాతం వచ్చాక రోజూ హైవే మీద రానూపోనూ ప్రయాణం కుదరక ఉద్యోగం మానేశారు. తర్వాత ఒక ట్రైనర్ దగ్గర (ఆవిడ ‘సార్’ అని రాశారు, నేనూ అలాగే అంటాను) కోర్సు చేసి, మూడేళ్లుగా ఇంటి మేడ మీద గదిలో ప్రొఫెషనల్ కోచ్‌గా పనిచేస్తున్నారు. డీఎస్సీకో గ్రూప్స్‌కో చెప్పే కోచింగ్ కాదిది. సూపర్‌వైజర్లు, మేనేజర్లు, స్కూళ్లు నడిపేవాళ్లు, కొత్తగా ప్రమోషన్ వచ్చి కిందివాళ్లతో వేగలేకపోతున్నవాళ్లు వచ్చి కూర్చుంటారు. ఆవిడ పాఠాలు చెప్పరు. అడుగుతారు, వింటారు, వాళ్ల దారి వాళ్లే వెతుక్కునేదాకా తోడుంటారు.

కిందటి వేసవిలో ఒక కంపెనీ షిఫ్ట్ ఇన్‌చార్జి వచ్చాడట. కింద కుర్రాళ్లు మాట వినరు, పైవాళ్లు అందరి ముందూ తిడతారు, అదీ అతని బాధ. నాలుగు సిట్టింగుల దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత మాట తగ్గిపోయింది. ఆరోసారి వచ్చినప్పుడు వాటర్ బాటిల్ మూత తీస్తూ, పెడుతూ, మళ్లీ తీస్తూ చాలాసేపు కూర్చుని, “మేడమ్, రెండు నెలల నుంచి నిద్ర పట్టట్లేదు. పొద్దున్న లేవాలంటేనే భయమేస్తోంది” అన్నాడు. ఆవిడ సార్ నేర్పినట్టే, “ఈ వారం మీ చేతిలో ఉన్న ఒక్క చిన్న పని ఏమిటి?” అని అడిగారు. అతను ఏదో చెప్పి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. నెలలు గడిచిపోయాయి. “నా ప్రశ్న తప్పా, పద్ధతి తప్పా, నేనే ఈ పనికి పనికిరానా అన్నది అడగడానికి నాకు మనిషి లేడు” అని రాశారు.

ఈలోగా శ్రీకాకుళం, రాజాం, విశాఖల్లో ఇదే పని చేసే నలుగురు నెలకోసారి కూర్చుని కేసులు మాట్లాడుకుందాం, పరిశోధనలు కాస్త చదువుకుందాం అని ఆవిడని పిలిచారు. సార్‌కి చెబితే, “మన పద్ధతి బయటికి పోకూడదమ్మా. పదిమంది దగ్గర పది మాటలు వింటే నీ చెయ్యి పాడైపోతుంది” అన్నారు. ఆవిడకి వచ్చే పనిలో సగం సార్ పంపించేదే. భర్త టీచరు. ఆయనేమో, “మా స్కూల్ కాంప్లెక్స్ మీటింగులాగే అవుతాదిలే, టీలు తాగేసి వచ్చేస్తారు” అన్నారు. పైగా ఊరు చిన్నది. గంటస్తంభం దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటే మూడో మనిషి ఎవరో ఇట్టే తెలిసిపోతుందని ఆవిడ భయం.

చివరిగా ఇంకో చిక్కు. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఒక యూనిట్ యజమాని తన ఆరుగురు సూపర్‌వైజర్లకి కోచింగ్ ఇమ్మన్నాడు. రెండు షరతులు పెట్టాడు. ఇది పనిచేస్తుందని రుజువు చూపించాలి. ఎవరు ఏం మాట్లాడారో తనకి చెప్పాలి. సార్ బ్రోచర్‌లో ‘కోచింగ్‌తో ఉత్పాదకత 88 శాతం పెరుగుతుంది’ అని ఒక లైను ఉంది. అది చూపిద్దామనుకున్నారు గానీ ఎందుకో మనసొప్పలేదు.

అమ్మా, ముందు ఆ అబ్బాయి సంగతి. మిగతావన్నీ నెల ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగదు.

రెండు నెలలుగా నిద్ర లేకపోవడం, పొద్దున్న లేవడానికే భయపడటం డాక్టరు చూడాల్సిన సంగతులు. అది డిప్రెషనో, థైరాయిడో, రాత్రి షిఫ్టుల వల్ల వచ్చినదో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, మీరూ చెప్పకూడదు. మన దేశంలో కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. క్లినికల్ సైకాలజిస్టు అలా కాదు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. ఆ గీత ఎక్కడుందో తెలుసుకుని దాని ఇవతల నిలబడటం మీ పనిలో భాగమే. మీరడిగిన ప్రశ్న వేరే రోజు, వేరే మనిషికైతే మంచి ప్రశ్నే. ఆ రోజు అతను ఈ వారం పని గురించి మాట్లాడటం లేదు, తన ఒంటి గురించి, మనసు గురించి చెబుతున్నాడు. అప్పుడు అడగాల్సింది “డాక్టరుకి చూపించుకున్నారా? ఇంట్లో ఎవరికైనా తెలుసా?” అని. అక్కడితో ఆగకుండా, “బతకాలని లేదు అనిపిస్తోందా?” అని కూడా సూటిగానే అడగొచ్చు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం చాలామందిలో ఉంది, అది నిజం కాదు.

ఈ విషయంలో మీరు ఒంటరి కారు. జర్మనీలో కార్స్టెన్ షెర్ములి అనే పరిశోధకుడు, తన బృందంతో కలిసి కోచింగ్ వల్ల క్లయింట్లకి జరిగే ఇబ్బందుల గురించి కోచ్‌లనే అడిగి 2014లో ఫలితాలు ప్రచురించాడు. సగానికి పైగా కోచ్‌లు తమ కేసుల్లో ఏదో ఒక ఇబ్బంది కనబడిందన్నారు. అన్నిటికంటే ఎక్కువగా చెప్పింది, కోచింగ్‌లో తేల్చలేని లోతైన సమస్య మాటల మధ్యలో పైకి రావడం. మీ గదిలో బాటిల్ మూత తిప్పుతూ కూర్చున్న మనిషి కథ అచ్చం ఇదే. వేరే దేశాల్లో, వేరే గదుల్లో ఇదే జరుగుతోందని ఆ కోచ్‌లు దాచుకోకుండా చెప్పారు కాబట్టే ఈరోజు మీకు నేను చెప్పగలుగుతున్నాను. వాళ్లందరూ ‘మన సంగతి బయటికి పోకూడదు’ అనుకుని ఉంటే మీరింకా నా వల్లే జరిగిందని కుమిలిపోతూ ఉండేవారు.

కాబట్టి అతనికి ఒక్క మెసేజ్ పెట్టండి. పెద్దది వద్దు. “బాబూ, చివరిసారి నిద్ర పట్టట్లేదన్నారు. ఆ రోజే డాక్టరుకి చూపించుకోమని చెప్పాల్సింది, చెప్పలేదు. ఇప్పుడెలా ఉన్నారు? కోచింగ్‌కి రమ్మని కాదు అడిగేది. టెలి మానస్ అని మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. తోడు కావాలంటే చెప్పండి.” అతను జవాబివ్వకపోవచ్చు. కోపంగా ఇవ్వొచ్చు, అప్పుడు వినండి, సమర్థించుకోకండి. ఎప్పుడో బాగుపడిపోయి, ఈ మెసేజ్ ఏంటా అనుకోనూవచ్చు. ఆ మూడింటిలో ఏదైనా, పెట్టకపోవడం కంటే నయం. ఒకవేళ బతుకు మీద విరక్తి మాటలు వినబడితే మాత్రం మెసేజీలతో సరిపెట్టకండి. ఇంట్లోవాళ్లకి చెప్పే వీలు చూసి, ఆ రోజే డాక్టరు దగ్గరికి చేర్చాలి. గోప్యత నియమం ప్రాణం మీదికి వచ్చిన చోట ఆగిపోతుంది.

ఇప్పుడు సార్ మాట.

సార్ మీకు పని నేర్పారు, పని పంపిస్తున్నారు. ఆ గౌరవం ఉండాలి. కానీ ‘పదిమంది దగ్గర వింటే చెయ్యి పాడైపోతుంది’ అన్న మాట ఈ వృత్తి చరిత్రకి సరిపడదు. ఇది ఒక గురువు మూటగట్టి ఇచ్చిన విద్య కాదు. 1974లో తిమోతీ గాల్వే అనే అమెరికన్ టెన్నిస్ కోచ్ ఆటగాడి మనసులో జరిగే గొడవ గురించి రాసిన పుస్తకం నుంచి ఒక పాయ వచ్చింది. జాన్ విట్‌మోర్ ఒకప్పుడు కార్ రేసర్. ఆయన ఆ ఆలోచనని ఇంగ్లండ్ ఆఫీసుల్లోకి తెచ్చి, 1992లో పుస్తకం రాసి గ్రో మోడల్‌ని పదిమందికీ తెలిసేలా చేశాడు. సార్ మీకు ‘మన పద్ధతి’ అని నేర్పిన నాలుగు మెట్లు, అంటే లక్ష్యం, ఇప్పటి పరిస్థితి, దారులు, చేసే పని అని మీరు ఉత్తరంలో రాసినవి, అవే. తప్పేం లేదు, అందరూ వాడతారు. కాకపోతే అది దాచుకోవాల్సిన రహస్యం కాదు. 1995లో థామస్ లెనార్డ్ అమెరికాలో ఇంటర్నేషనల్ కోచ్ ఫెడరేషన్ (ఐసీఎఫ్) అనే కోచ్‌ల సంఘం మొదలుపెట్టాడు. 2000లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో ఆంథొనీ గ్రాంట్ కోచింగ్ సైకాలజీ విభాగం పెట్టి, ఇది నిజంగా పనిచేస్తోందా అని కొలవడం మొదలుపెట్టాడు. 2008లో పలు దేశాల కోచ్‌లు, పరిశోధకులు, శిక్షణ ఇచ్చేవాళ్లు ఎంతోకాలం గుంపులుగా చర్చించుకుని డబ్లిన్‌లో కలిశారు. అక్కడ ఒక ప్రకటన చేశారు. అందరికీ ఒకే రకం నీతి నియమావళి ఉండాలన్నారు, శిక్షణ సంస్థలూ సంఘాలూ తమ సొంత లాభం దాటి ఆలోచించాలన్నారు. సార్‌కి ఇది చదివి వినిపించమని కాదు నేను చెప్పేది. మీలో మీరు దొంగతనం చేస్తున్నట్టు ముడుచుకోవద్దని.

మనం దాచుకునే ఈ అలవాటు ఒక్క కోచింగ్‌లోనే లేదు. చేతి మీద నడిచే ప్రతి పనిలోనూ ఉంది. కానీ కొన్ని పనుల్లో దాచుకున్నా నష్టం త్వరగా బయటపడుతుంది. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడలో వెయిట్ లిఫ్టింగ్ నేర్పేవాళ్లకి బార్ మీద ఎన్ని కిలోలున్నాయో కళ్లముందు కనిపిస్తుంది. పిల్ల లేపిందా లేదా అన్నది అందరూ చూస్తారు. మీ గదిలో ఆ బార్ లేదు. మనిషి నవ్వుతూ ‘థాంక్స్ మేడమ్’ అని వెళ్లిపోతే బాగా జరిగిందనుకుంటారు, రాకపోతే బాగా జరగలేదనుకుంటారు, రెండూ తప్పయ్యే అవకాశం ఉంది. బాగుపడి మానేసినవాడు ఉంటాడు, మొహమాటానికి వస్తూ ఉన్నవాడూ ఉంటాడు. అందుకే ఇలాంటి పనిలో పక్కవాళ్ల కళ్లు కావాలి, రాసిపెట్టుకున్న లెక్క కావాలి. ఈ రెండూ మీ దగ్గర లేకపోవడమే అసలు కష్టం, సార్ కాదు, ఊరు చిన్నదవడమూ కాదు.

పక్కవాళ్ల కళ్లు అనేది డాక్టర్లు ఎప్పుడో మొదలుపెట్టారు. 1950ల్లో లండన్ టావిస్టాక్ క్లినిక్‌లో మైకేల్ బాలింట్ అనే డాక్టరు మామూలు ఫ్యామిలీ డాక్టర్లని వారానికోసారి కూర్చోబెట్టేవాడు. పుస్తకాలు తెరిచి పాఠం చెప్పడం కాదు, “ఈ వారం నిన్ను ఇబ్బంది పెట్టిన పేషెంటు ఎవరు?” అని అడగడం. ఒకరు చెబుతారు, మిగతావాళ్లు మాట్లాడతారు. ఇప్పటికీ చాలాచోట్ల బాలింట్ గ్రూపులు ఇలా నడుస్తున్నాయి. కేసు చెప్పినవాళ్లు చెప్పడం అయ్యాక కుర్చీ కాస్త వెనక్కి జరిపి, మాట్లాడకుండా, మిగతావాళ్లు తమ కేసు గురించి అనుకునేది వింటారు. వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది గానీ, అది ఎంత పని చేస్తుందో ఊహించండి. మీరు ఆ షిఫ్ట్ ఇన్‌చార్జి గురించి పది నిమిషాలు చెప్పి వెనక్కి జరిగారు. ఒకరంటారు, “అతను నిద్ర మాట ఎత్తగానే ఈవిడ ఎందుకు తొందరపడి పని వైపు లాగారు? ఈవిడకీ భయమేసిందేమో.” ఇంకొకరు, “పైవాళ్లు తిడుతున్నారన్నాడు కదా, మేడమ్ కూడా పనే అడిగేసరికి ఇక్కడా సూపర్‌వైజరే కూర్చున్నట్టు అనిపించిందేమో” అంటారు. మూడో మనిషి, “మాట తగ్గిపోయిన సంగతి అప్పుడే అతనితో అని ఉంటే?” అంటారు. ఇవేవీ తీర్పులు కావు. అయినా మూడేళ్లుగా ఆ గదిలో మీకు కనబడని మూడు తలుపులు ఒక్క గంటలో కనిపిస్తాయి.

మీవారి మాట కూడా కొట్టిపారెయ్యను. గ్రూపులు టీ దగ్గర ఆగిపోవడం నిజమే, చాలావాటికి అదే గతి. ఒకరి గెలుపు కథలు ఒకరు చెప్పుకోవడం మొదలైతే అక్కడితో సరి. కనుక చేరేముందు ఆ నలుగురితో కొన్ని సంగతులు మొదటే తేల్చుకోండి. ప్రతిసారీ ఒకరు ఒక కేసు, అదీ ఇబ్బంది పెట్టిన కేసే తేవాలి. మొదటి పావుగంట ప్రశ్నలే, సలహాలు వద్దు. నెలకి ఒక పరిశోధన వ్యాసం ఒకరు చదివి, మిగతావాళ్లకి అర్థమయ్యేలా తెలుగులో చెప్పాలి. మూడు నెలలకోసారి ఈ గ్రూపు మనకి పనికొస్తోందా అని మొహమాటం లేకుండా ఒకరినొకరు అడిగి చూసుకోవాలి.

గోప్యత గురించి మీ భయం న్యాయమైనది, దాన్ని పెద్ద నగరంలో ఉండేవాళ్ల సలహాలతో తేల్చలేం. హైదరాబాద్‌లో ‘ఒక ఫార్మా మేనేజర్’ అంటే వేలమంది. మన వైపు ‘పైడిభీమవరంలో షిఫ్ట్ ఇన్‌చార్జి, ఊరు ఫలానా’ అంటే నలుగురిలో ఒకరికి బావమరిది అయి కూర్చుంటాడు. పేరు తీసేస్తే చాలదు. కంపెనీ, వయసు, ఊరు, కులం గుర్తుపట్టించే మాట, పిల్లల సంగతి అన్నీ మార్చాలి, కొన్నిసార్లు మగవాణ్ణి ఆడమనిషిగా చెప్పినా తప్పులేదు. వినేవాళ్లలో ఎవరికైనా ‘ఈ మనిషి నాకు తెలుసేమో’ అనిపిస్తే వెంటనే చెయ్యెత్తి లేచి వెళ్లిపోవాలన్న నియమం పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం, కొత్త క్లయింటుతో మొదటిరోజే, “నా పని మెరుగుపరుచుకోవడానికి పేరు, గుర్తులు లేకుండా తోటి కోచ్‌లతో మాట్లాడుతుంటాను, మీకు అభ్యంతరమా?” అని అడిగి ఒప్పందం కాగితంలో రాయించుకోండి. వద్దన్నవాళ్ల కేసు తీసుకెళ్లకండి. పాత క్లయింట్లు మీకు అనుమతి ఇవ్వలేదు కాబట్టి, ఆ అబ్బాయి కేసుతో మొదలుపెట్టే ముందు అతన్ని అడగడమో, అది కుదరకపోతే అతని కథ వదిలేసి ‘ఇలాంటిది వస్తే నేనేం చేస్తాను’ అన్న రూపంలో మాట్లాడటమో చెయ్యండి.

గ్రూపు ఇష్టం లేకపోతే దారులు లేకపోలేదు. దూరంగా ఉన్న అనుభవజ్ఞులైన ఒక కోచ్‌కి డబ్బిచ్చి నెలకోసారి ఆన్‌లైన్‌లో మీ కేసులు మాట్లాడొచ్చు. సూపర్‌విజన్ అంటారు దాన్ని. గోప్యతకి ఇది గట్టిది, మన వైపు ఎవరికీ తెలియదు. ఖర్చు మీదే, మళ్లీ ఒకే మనిషి చూపు, ఇంకో సార్ తయారవుతారేమో చూసుకోవాలి. ఐసీఎఫ్ మొదటి సర్టిఫికెట్‌కి వెళ్లాలనుకుంటే 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవంతో పాటు 10 గంటల మెంటర్ కోచింగ్ కూడా అడుగుతారు, అది సూపర్‌విజన్‌కి వేరు, దాని లెక్క విడిగా చూసుకోవాలి. లేదా ఇప్పుడున్నట్టే ఒంటరిగా ఉండి, ప్రతి సిట్టింగ్ తర్వాత అరపేజీ రాసుకోవచ్చు. అది ఏమీ లేనిదాని కంటే మేలు. కానీ తన వీపు తనకి కనబడదు కదా, రాసేది మీరే, చదివేదీ మీరే. నన్నడిగితే గ్రూపే మంచిది, ఆరు నెలలు చూడమంటాను. కానీ నేను మీ ఇంటి ఖర్చులు మొయ్యను, సార్ పంపే సగం పని పోతే ఆ లోటు మీరే భరించాలి. కనుక ఆ లెక్క ముందు వేసుకోండి.

సార్‌తో ఎలా మాట్లాడాలి? చాటుగా చేరడం ఒక దారి. ఊరు చిన్నదని మీరే అన్నారు, తెలిసిపోతుంది, తెలిసినరోజు చేరినందుకంటే దాచినందుకు ఎక్కువ బాధపడతారు. ఎదురుగా కూర్చుని చెప్పడం ఇంకో దారి. “సార్, మీ మెటీరియల్ ఒక్క కాగితం బయటికి ఇవ్వను, అది మీది. నా కేసులు, నా తడబాటు మాత్రం తోటివాళ్లతో మాట్లాడతాను. ఒక క్లయింటు విషయంలో నాకు దారి తెలియలేదు” అని ఆ అబ్బాయి ఉదంతం గుర్తులు లేకుండా చెప్పండి. ఆయన విని ఆలోచించే మనిషైతే అక్కడే సగం తేలిపోతుంది. ‘అలా అయితే నా దగ్గరికి రాకు’ అంటే మాత్రం అది బాధే, పని తగ్గుతుంది, ఏడాది పట్టొచ్చు కోలుకోవడానికి. కానీ ఒక పద్ధతిని ప్రశ్నించకూడదనే షరతు మీద వచ్చే పని ఎంతకాలం మోస్తారో కూడా ఆలోచించండి. మూడో దారి ఏమిటంటే, ఆ గ్రూపుకి సార్‌నే ఒకసారి పిలవండి, కేసు చెప్పమనండి. వస్తారని చెప్పలేను. వస్తే అందరికీ మంచిది.

ఇక 88 శాతం. మీ మనసు ఒప్పుకోకపోవడం మంచిదైంది.

ఆ అంకె అబద్ధం కాదు, దాని వెనక కథ వేరు. 1997లో అమెరికాలో ఒక ప్రభుత్వ సంస్థలో 31 మంది మేనేజర్ల మీద చేసిన అధ్యయనం నుంచి వచ్చింది. ముందు అందరికీ తరగతి శిక్షణ ఇచ్చారు, ఉత్పాదకత 22.4 శాతం పెరిగింది. తర్వాత అదే మనుషులకి ఎనిమిది వారాలు ఒకరికొకరుగా కోచింగ్ ఇచ్చారు, మొత్తం మీద 88 శాతం అయింది. ఇప్పుడు మీరే అడగండి. కోచింగ్ లేకుండా పక్కన పెట్టిన వేరే గుంపు ఉందా? లేదు. ఆ కోచింగ్‌లో లక్ష్యాలు పెట్టడం, పైఅధికారి కలగజేసుకోవడం, చేసిన పనిని అందరి ముందూ చెప్పడం ఇవన్నీ ఉన్నాయి, అందులో ఏది ఎంత పనిచేసింది? తెలియదు. 31 మంది మీద ఒక చోట జరిగినదాన్ని ‘కోచింగ్‌తో 88 శాతం పెరుగుతుంది’ అని బ్రోచర్‌లో రాస్తే అది చదివిన బొబ్బిలి యజమాని రేపు తన ఆరుగురి మీద అదే అంకె అడుగుతాడు. అడగడం న్యాయమే. అప్పుడు మీ గతేమిటి?

ఆ తర్వాత చాలా పని జరిగింది. 2014లో టిమ్ థీబూమ్, అతని సహచరులు 18 అధ్యయనాలు కలిపి చూసి, సంస్థల్లో కోచింగ్ పనితీరు మీద, మనసు బాగోగుల మీద, లక్ష్యాల వైపు నడవడం మీద మంచి ప్రభావమే చూపుతోందన్నారు. 2016లో రెబెకా జోన్స్ బృందం ఇంకొన్ని అధ్యయనాలు కలిపి చూస్తే అదే తేలింది, ఇంకో సంగతీ తేలింది. సిట్టింగులు ఎన్ని, ఎంతకాలం నడిచింది అన్నదానితో ఫలితం పెద్దగా మారలేదు. సార్ దగ్గరి ‘12 సిట్టింగుల ప్యాకేజీ’ అమ్మేముందు ఇది గుర్తుంచుకోండి. 2020లో మరో బృందం 27 గుంపుల మీద చేసిన అధ్యయనాలు కలిపి చూసి, కోచ్‌కీ క్లయింటుకీ మధ్య కుదిరిన బంధానికి, ఫలితానికి చెప్పుకోదగ్గ సంబంధం ఉందని చూపించింది. అందుకే పద్ధతి పేరు కంటే, అతను మీ ఎదుట కూర్చుని నిజం చెప్పగలిగాడా అన్నది నాకు ముఖ్యం. నిద్ర పట్టట్లేదని ఆ అబ్బాయి మీతో అన్నాడంటే ఆ బంధం కొంత కుదిరిందనే అర్థం చేసుకుంటున్నాను. ఇవన్నీ ఒక మనిషి కూర్చుని కనిపెట్టినవి కావు. ఎక్కడెక్కడో చిన్న చిన్న గుంపుల మీద రాసిపెట్టిన లెక్కలు ఒకచోట పోస్తే తేలినవి.

అలాంటి లెక్క మీరూ మొదలుపెట్టొచ్చు. మొదటిరోజు క్లయింటు చేత ఏది మారితే ఇక్కడికి వచ్చినందుకు ఫలితం దక్కినట్టో తన మాటల్లోనే ఒక వాక్యం రాయించండి. ఇప్పుడు ఎక్కడున్నారో సున్నా నుంచి పది దాకా వేసుకోమనండి. మధ్యలో ఒకసారి, చివర ఒకసారి, అయిపోయిన మూడు నెలలకి ఫోన్ చేసి ఇంకోసారి. దానితోపాటు ‘ఈరోజు మీరు చెప్పాలనుకున్నది నాకు చెప్పగలిగారా?’ అని ఒక్క ప్రశ్న ప్రతి సిట్టింగ్ చివరా అడగండి. అది మీ ఎదుట చెప్పడం కష్టం కాబట్టి కాగితం మీద వేసి మడిచి ఇవ్వమనండి. మధ్యలో మానేసినవాళ్లనీ లెక్కలో ఉంచండి. చాలామంది ఇక్కడే జారిపోతారు, చివరిదాకా వచ్చినవాళ్లని మాత్రమే లెక్కేసి ‘మావాళ్లందరూ బాగుపడ్డారు’ అంటారు. మీ ఒక్కరి దగ్గర ఏడాదికి వచ్చే కాగితాలతో ఏదీ రుజువు కాదు. అదే మీ అయిదుగురూ అవే ప్రశ్నలు, అదే రకంగా అడిగితే రెండు మూడేళ్లకి శ్రీకాకుళం, విజయనగరం వైపు షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకి ఇది ఎలా పనిచేస్తోందన్నది చెప్పగల ముడిసరుకు మీ చేతిలో ఉంటుంది. ఇప్పటిదాకా మనం చదువుకునేదంతా ఎక్కువగా అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా ఆఫీసుల గురించే. రాత్రి షిఫ్టు దిగి బస్సెక్కి వచ్చి మీ మేడ మీద కూర్చునే మనిషి వాటిలో లేడు. అతని గురించి రాసిపెట్టేవాళ్లు మీరే కావాలని నా ఆశ.

యజమానికి రుజువు మాటకి ఇలా చెప్పొచ్చు: “సార్, ఇది చాలాచోట్ల మంచి ఫలితమిచ్చిందని అధ్యయనాలు ఉన్నాయి, శాతం మాత్రం నేను హామీ ఇవ్వలేను. మీ ఆరుగురిలో ఎవరిలో ఏం మారాలనుకుంటున్నారో మీరూ, వాళ్లూ ముందే రాయండి, ఆరు నెలలకి కలిసి చూద్దాం.” కొంతమంది ఈ జవాబుతో వెనక్కి తగ్గుతారు, వేరే ఎవరైనా 88 అని రాసిస్తే వాళ్లకి ఇస్తారు. ఆ పని పోవచ్చు.

రెండో షరతు దగ్గర మాత్రం బేరం ఆడకండి. ఎవరు ఏం మాట్లాడారో చెప్పాలంటే ఆ ఆరుగురూ మొదటి సిట్టింగుకే నోరు కట్టేసుకుంటారు, మీకు దక్కేది నటన. ‘మొత్తంగా ఏం వినిపించిందో చెబుతాను’ అని సర్దుబాటు చేసుకుందామనిపిస్తుంది గానీ, ఆరుగురే కదా, ‘క్యాంటీన్ కాంట్రాక్టు మీద కొంత అసంతృప్తి ఉంది’ అన్నా ఆ మాట ఎవరిదో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. కాబట్టి యజమాని, సూపర్‌వైజరు, మీరు ముగ్గురూ ఒకే బల్ల దగ్గర మొదటిరోజు కూర్చోండి. లక్ష్యం ఏమిటో, ఎన్నిసార్లు కలుస్తారో, యజమానికి ఏ సంగతి వెళ్తుందో ముగ్గురి ఎదుటా రాయండి. వచ్చాడా లేదా అన్నది మీరు చెప్పొచ్చు. మిగతాది చెప్పాలో వద్దో ఆ సూపర్‌వైజరే నిర్ణయించుకుంటాడు, చెప్పాలనుకుంటే తనే చెబుతాడు. ఈ ఒక్క పేజీ కాగితం మీద యజమాని సంతకం పెట్టకపోతే ఆ కాంట్రాక్టు తీసుకోకండి. పెడితే, ఆ కాగితమే మీ గ్రూపు మొదటి మీటింగ్‌కి తీసుకెళ్లండి. అందులో ఎవరి గుట్టూ ఉండదు, ఆ నలుగురికీ రేపో మాపో ఇదే అవసరం పడుతుంది, వాళ్లు చూస్తే మీకు తట్టని లొసుగు ఒకటైనా పట్టుకుంటారు.